ఎఱ్ఱదీపము చెప్పు మాట

మన సంఘ పత్రికయందు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు వ్రాయుట పరిపాటి. ఈ మాసమున నేను బండి ముందుపలకపై వెలుగు నొక చిన్న ఎఱ్ఱదీపమును గూర్చి వ్రాయబూనితిని. ఇది రైతునకు సంబంధించిన సంగతియా యని కొందరు సభ్యులకు తోచవచ్చును. మదనపల్లె టమోటా యార్డునకు రాత్రివేళ సరకు తోలినవా రెవ్వరును అట్లనరు. పుంగనూరు, కుప్పము ప్రాంతములలో నేడు ఎద్దులబండితో మార్కెటునకు పోవు రైతు అరుదు. చిన్న వ్యాను గాని, ట్రాక్టరు గాని, అద్దె టెంపో గాని లేనిదే కోసిన పంట గట్టు దాటదు. పండిన టమోటా మన యక్కరకై కాచుకొని యుండదు. బండి నిలిచినచోట పంటయు నిలుచును.

ఆ దీపము పెట్టెవంటి ఆకారముతో, ఒకప్రక్క కూడిక గుర్తును, ఒకప్రక్క తీసివేత గుర్తును గలిగి యుండును. చూచినవారందరు దానిని ‘బ్యాటరీ లైటు’ అందురు. ఆ పేరే మన నష్టములకు మొదటి కారణమని నా యభిప్రాయము. అది వెలిగినపుడు బ్యాటరీ చెడినదని చెప్పుట లేదు. బ్యాటరీకి మేత అందుట లేదని చెప్పుచున్నది. ఆవు పాలియ్యకున్నచో గాటిలో గడ్డియున్నదా యని మొదట చూచెదము గాని ఆవును సంతకు తోలము గదా! బ్యాటరీ విషయమున మాత్రము మనము తలక్రిందులుగా నడచుచున్నాము.

నా యింట జరిగినదే చెప్పెదను. 2023 జూలై మాసమున మదనపల్లె యార్డునందు టమోటా కిలో నూరు రూపాయలకు పైబడి పలికిన సంగతి సభ్యులు మరచి యుండరు. ఆ మాసముననే ఒక ఉదయమున మా వ్యానుకు సెల్ఫు పట్టలేదు. దగ్గరి పట్టణములోని యొక అంగడికి చేర్చగా, అంగడివాడు మూత తీయకయే, మీటరు పెట్టకయే, ‘బ్యాటరీ పోయినది’ అని చెప్పి క్రొత్తది బిగించెను. పాతది కొని అప్పటికి రెండేండ్లు నిండలేదు. దానిని తూకపు వెలకు అతడే తీసికొనెను. బండి వెంటనే లేచినది. మేమును సంతోషించితిమి.

పండ్రెండవ నాటి రాత్రి పుంగనూరు ఆవలి మా పల్లెనుండి సరకుతో బయలుదేరితిమి. బండి తోలువాడు నా మేనల్లుడు. ఊరు దాటిన కొంతసేపటికి ఎఱ్ఱదీపము వెలిగెను. నేను వేలు చూపగా వాడు, ‘ఏం కాదులే మామా, అది బ్యాటరీ లైటు. బ్యాటరీ కొత్తదే గదా, యార్డుకు పోయినాంక చూసుకుందాము’ అనెను. ఆ మాట నాకును సబబుగానే తోచెను. అరగంట గడచునప్పటికి ముందుదీపములు పసుపువన్నెకు తిరిగెను. హారను గొంతు పట్టినవాని వలె మూలిగెను. తరువాత పలకపై వేరువేరు దీపములన్నియు ఒక్కమారుగా వెలిగి ఇంజను ఆగిపోయెను. చీకటిలో, రోడ్డు మలుపున, వెనుక దీపము సయితము లేక, నూట యిరువది పెట్టెల సరకుతో మేము నిలిచితిమి. వెనుకనుండి వచ్చిన లారీ మమ్ము చివరి నిమిషమున చూచి ప్రక్కకు తప్పుకొనెను. ఆ లారీ డ్రైవరు మమ్ము తిట్టిన తిట్లు న్యాయమైనవే. యార్డు చేరునప్పటికి ఎండ యెక్కెను; మంచి ధరకు పోవలసిన సరకు మిగిలినవారు చెప్పిన ధరకు పోయెను.

మదనపల్లెలో ముసలి ఎలక్ట్రీషియను ఒకడు ఆల్టర్నేటరు విప్పి, దానిలోని బ్రష్షులు అరిగి పొట్టివైనవని చూపెను. కొన్ని వందల రూపాయలతో ఆ పని తీరెను. అనగా మొదటి బ్యాటరీకి ఏ రోగమును లేదు. అది ఆకలితో పడియున్నది. క్రొత్తదియు ఆ యాకలితోనే పండ్రెండవ నాడు పడెను. దీపము అంతకు మున్నే అప్పుడప్పుడు మినుకుమినుకు మనుచుండెనని మా అల్లుడు అప్పుడు చెప్పెను.

ఇక ఆ దీపము పనిచేయు తీరును తెలిసికొందము. ఇంజను తిరుగునపుడు బెల్టు ద్వారమున ఆల్టర్నేటరు తిరుగును. మన పెద్దలు దీనిని ఇప్పటికిని డైనమో యందురు. డైనమోలు పోయి 1960 తరువాతి దశాబ్దములలో ఆల్టర్నేటర్లు వచ్చినవి గాని పేరు నిలిచినది. బండికి కావలసిన కరెంటంతయు నడకలో ఆల్టర్నేటరే యిచ్చును. మిగిలినదానితో బ్యాటరీని నింపును. బ్యాటరీకి ముఖ్యమైన పని ఇంజనును లేపుట మాత్రమే. దీపమునకు ఒక కొన బ్యాటరీవైపును, మరియొక కొన ఆల్టర్నేటరువైపును కలుపబడి యుండుట పాత పద్ధతి. రెండు మడులలో నీరు సమమట్టమున నున్నచో నడిమి కాలువలో నీరు కదలదు. అట్లే రెండువైపుల వోల్టులు సమముగా నున్నపుడు దీపములో కరెంటు పారదు, దీపము ఆరియుండును. ఆల్టర్నేటరు పడిపోయినచో బ్యాటరీవైపునుండి కరెంటు దీపము గుండ పారి అది వెలుగును. క్రొత్త బండ్లలో ఈ పనిని చిన్న కంప్యూటరు చూచుకొనును; అర్థము మాత్రము మారలేదు.

దీనినుండి తెలియదగిన సంగతి మరియొకటి కలదు. తాళము త్రిప్పి ఇంజను లేపకమున్ను ఆ దీపము తప్పక వెలుగవలెను. వెలుగనిచో దీపమే మాడినదనియో, తీగ తెగినదనియో యర్థము. అట్టి బండి రోగము వచ్చినను మూలుగలేని మూగజీవము. కొందరు కుర్రవాండ్రు ఎఱ్ఱవెలుగు కంటికి అడ్డమగుచున్నదని దానిపై నల్లకాగితము అంటించుట నేను చూచితిని. కావలికుక్క మొరిగినదని దాని మూతి కట్టుటకును దీనికిని భేదము లేదు.

దీపము వెలిగిన తరువాత బండి ఎంతదూరము పోవునను ప్రశ్న అందరును అడుగుదురు. లెక్క కష్టమైనది కాదు. రెండు ముందుదీపములు ఒక్కొక్కటి 55 వాట్లు. పండ్రెండు వోల్టులపై రెండింటికిని సుమారు 9 ఆంపియర్లు. వెనుక దీపములు, ఇంజను కంప్యూటరు, ఇంధనపు పంపు, గాలిమర కలిపిన 15 ఆంపియర్లు దాటవచ్చును. 60 ఆంపియరు-గంటల బ్యాటరీ కాగితముపై నాలుగు గంటలు రావలెను. కాని వోల్టులు కొంత తగ్గగానే కంప్యూటరు మానుకొనును, బ్యాటరీ నిండుగా నుండదు, వయసు మీరియుండును. కాబట్టి నిజముగా గంటయో గంటన్నరయో అనుకొనుట మేలు. మాది అరగంటకు చిల్లరగానే నిలిచినది. పగటివేళ, దీపములు వేయనిచో ఎక్కువదూరము రావచ్చును. పాతకాలపు ట్రాక్టరైనచో ఒకసారి లేచిన పిమ్మట బ్యాటరీ లేకున్నను డీజిలుతోనే నడచును. ఏలయన దాని పంపు కరెంటు నడుగదు. ఈ పాత యనుభవమే మన వారిని మోసపుచ్చుచున్నది. ట్రాక్టరు నడచినది గదా, క్రొత్త వ్యాను నడువదా యని తలంతురు. నడువదు.

దూరముకన్న ముఖ్యమైనది వేరొకటి. దీపము వెలుగుటకు బెల్టు తెగుటయు ఒక కారణమే. అనేక బండ్లలో ఆ బెల్టే నీటిపంపును త్రిప్పును. అది తెగినచో ఇంజనుకు నీరు తిరుగక కొన్ని నిమిషములలో కాగిపోవును. బ్యాటరీ వెల పోయి ఇంజను వెల మీదబడును. మరికొన్ని డీజిలు బండ్లలో బ్రేకునకు బలము నిచ్చు వాక్యూము పంపు ఆల్టర్నేటరు వెనుకనే బిగింపబడి యుండును. బెల్టు తెగినచో బ్రేకు పెడలు రాయివలె బిగిసికొనును. బండి ఆగుటకు కాలి బలమంతయు చాలదు. పలమనేరు నుండి చిత్తూరు దిగు మొగిలి ఘాటులో సరకుతో నున్న బండికి ఇది జరిగినచో ఏమగునో నేను వ్రాయనక్కర లేదు. కుప్పము నుండి పలమనేరునకు వచ్చు దారిలో, కౌండిన్య అభయారణ్యపు టేనుగులు తిరుగు చోట, దీపములారిన బండిలో తెల్లవారు వరకు కూర్చుండుట యెట్టిదో ఆ సీమ రైతులకు బాగుగ తెలియును.

కాబట్టి దీపము వెలిగిన వెంటనే చేయవలసినది ఒక్కటే: చదునైన చోట, రోడ్డుకు ప్రక్కగా బండి నిలిపి మూత తీసి బెల్టును చూడవలెను. తెగియున్నచో కదలరాదు. బిగువుగనే యుండి, వేడిమి ముల్లు తన స్థానమున నున్నచో, గాలిమర, పాటల పెట్టె, అదనపు దీపములు ఆర్పి దగ్గరి పల్లెవరకు పోవచ్చును. నడుమ ఇంజను ఆపరాదు, ఆపినచో తిరిగి లేవదు. రాత్రివేళ ముందుదీపముల నార్పి పోవుట మాత్రము ఆత్మహత్యతో సమానము.

దీపము మసకగా వెలిగి, ఇంజను వేగము హెచ్చించినపుడు ఆరుచున్నచో బెల్టు వదులు గాని, బ్రష్షులు గాని, తీగ కీలు గాని అనుమానింపవలెను. వాన పడిన పిమ్మట ఇంజను లేపగానే కీచుమని చప్పుడైనచో అది బెల్టు జారుటయే. దీపము వెలుగకయే ప్రతి యుదయమును బ్యాటరీ పడియున్నచో మరియొక విషయము: రాత్రియంతయు కరెంటును త్రాగువాడు బండిలో నున్నాడు. పాటల పెట్టెకు పెట్టిన ఆంప్లిఫయరు, అద్దె కంపెనీవారు బిగించిన దారిచూపు యంత్రము, తప్పుగా కలిపిన రంగుదీపములు, వీనిలో నేదియైనను కావచ్చును. మన బండ్లకు ఇన్ని రంగుదీపము లెందులకో నాకు తెలియదు. టమోటాలకు వాటి సొగసు పట్టదు.

పై తగవులన్నిటిని తీర్చునది మల్టీమీటరు. దాని వెల, మంచి ధర పలికిన దినమున ఒకటి రెండు పెట్టెల టమోటా వెలకు మించదు. రాత్రియంతయు నిలిచియున్న బండి బ్యాటరీపై ఉదయము పెట్టినచో 12.6 వోల్టులు చూపవలెను. 12.2 చూపినచో సగమే నిండియున్నది. 12కు తగ్గినచో దాదాపు ఖాళీ. ఇంజను లేపి కొంచెము వేగము హెచ్చించి చూచినచో 13.8 మొదలు 14.5 వరకు రావలెను. ఇంజను తిరుగుచున్నను 12.6 కన్న పైకి పోనిచో మేత అందుటలేదు, బ్యాటరీని నిందింపరాదు. 15 దాటినచో రెగ్యులేటరు చెడినది. బ్యాటరీ నీరు కాగి ఆవిరియగును, కుళ్లిన గ్రుడ్డువాసన వచ్చును, బల్బులు మాటిమాటికి మాడును. సెల్ఫు త్రిప్పునపుడు 9.6కు దిగువకు పడినచో, అంతకుముందు బ్యాటరీ నిండుగా నుండినచో, అప్పుడు మాత్రమే బ్యాటరీకి వయసు మీరినదనవచ్చును. క్రొత్త బండ్లలో కొన్ని, ఇంధనము పొదుపు చేయుటకై, వోల్టులను తామే హెచ్చించి తగ్గించును. ఒక్క కొలతతో తీర్పు చెప్పక కొంతసేపు గమనింపవలెను.

మీటరు లేనివారు చేయు పరీక్ష యొకటి కలదు: ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ ఎర్తు తీగ పీకి, ఇంజను ఆగనిచో డైనమో బాగున్నదనుట. డైనమోల కాలమున అది చెల్లినది. నేటి బండ్లలో తీగ పీకిన క్షణమున వోల్టులు ఎగసి కంప్యూటరును, రెగ్యులేటరును కాల్చివేయును. ఎవడైన మెకానిక్కు ఆ పని చేయబోయినచో చేయి పట్టుకొని ఆపుడు.

బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే యను శాస్త్రజ్ఞుడు సీసపు పలకలతో చేసెను. నూటయరువది యేండ్లు దాటినను మన బండ్లలోనిది దాని సంతతియే: సీసము, గంధకామ్లము, నీరు. ఆరు గదులు, ఒక్కొక్క గదికి రెండు వోల్టులకు పైచిలుకు. దీనికి ప్రధానశత్రువు ఎండ. చలి ఆ శత్రువు చేసిన హానిని బయటపెట్టును. మదనపల్లె చలి యుదయమున పడిపోవు బ్యాటరీ నిజముగా మేమాసపు ఎండలోనే దెబ్బతిన్నదై యుండును. మూతలున్న బ్యాటరీలో నీరు తగ్గినపుడు డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. బోరునీరు పోసినచో అందలి ఉప్పులు పలకలను పాడుచేయును. పల్లెలలో ఇరువది లీటర్ల డబ్బాలలో అమ్ము త్రాగునీరును డిస్టిల్డు వాటరు కాదు. ‘బలము వచ్చును’ అని ఆసిడు పోయువారును గలరు. అది ముసలివానికి సారా పోయుట వంటిది. కొనలపై తెల్లగా, పచ్చగా పేరుకొను పొడిని వేడినీటితో కడిగి, ఆరిన పిమ్మట వ్యాసలీను పూసి గట్టిగా బిగించినచో సగము జబ్బులు రానేరావు. బ్యాటరీ దగ్గర బీడీ కాల్చరాదు. అది నింపబడునపుడు వెలువడు వాయువు నిప్పు తగిలిన పేలును.

మన సీమలోనే 1985లో గల్లా రామచంద్రనాయుడుగారు స్థాపించిన అమరరాజా సంస్థ బ్యాటరీలను చేసి దేశదేశములకు పంపుచున్నది. బ్యాటరీలు పుట్టు సీమయందు బ్యాటరీని గూర్చిన తెలివి ఇంత కొరతగా నుండుట నాకు వింతగా తోచుచున్నది. మన ఊళ్లలో ట్రాక్టరును ఎల్లప్పుడు మిట్టపైననే నిలుపు రైతు లెందరు లేరు! ఉదయమున పల్లమునకు దొర్లించి లేపుటకని వారి యుపాయము. చక్రమునకు పెట్టిన రాయిని ఆడుకొను పిల్లవాడు తీసినచో ఏమగునని వారు ఆలోచింపరు.

పాతబ్యాటరీని గూర్చి ఒక్కమాట. దానిలో కిలోలకొలది సీసము కలదు. పాతసామానులవాడు దానిని పెరటిలో పగులగొట్టి ఆసిడును కాలువలో పోసి, సీసమును కట్టెలపొయ్యిపై కరగించినచో ఆ పొగయు, దుమ్మును పిల్లల రక్తమున చేరి వారి బుద్ధిని కుంటుపరచును. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు పాతబ్యాటరీలను తిరిగి తీసికొను బాధ్యతను తయారీదారులపై నుంచినవి. క్రొత్తది కొన్న అంగడికే పాతది యిచ్చి వెల తగ్గించుకొనుట సభ్యులకు లాభమే. వంద రూపాయలు ఎక్కువిచ్చునని సైకిలుపై వచ్చువానికి అమ్మరాదు.

ఇప్పుడు నా ముఖ్యాభిప్రాయము. గడచిన సమావేశమున ఒక మిత్రుడు, సంఘమే బ్యాటరీల అంగడి పెట్టి సభ్యులకు చౌకగా అమ్మవలెనని సూచించెను. ఆయన మంచి తలంపుతోనే చెప్పెను గాని నేను దానితో ఏకీభవింపను. అమ్ముటకు అంగళ్లు చాలినన్ని గలవు. లేనిది కొలిచి చెప్పువాడు. అమ్మువాడే కొలుచువాడైనచో, సంఘమైనను సరే, త్రాసు ఒకవైపే మొగ్గును. సంఘము మొదట చేయవలసినది ఒక మల్టీమీటరును, ఒక హైడ్రోమీటరును, ఒక చార్జరును కొని గోదాములో నుంచి, చదువుకొన్న యువకు నొకనికి వాని వాడుకను నేర్పించుట. హైడ్రోమీటరు నిండిన బ్యాటరీలో 1.240 మొదలు 1.280 వరకు చూపును. ఆరు గదులలో ఒకటి మాత్రము మిగిలినవానికన్న బాగుగ తగ్గియున్నచో ఆ బ్యాటరీ కాలము తీరినది. ప్రతి బండికి ఒక పుట కేటాయించి, కొన్న తేదీని, కొలతలను వ్రాసి యుంచవలెను. బ్యాటరీకై అప్పు కోరు సభ్యుడు ఆ పుటను చూపిన గాని అప్పు మంజూరు కారాదు. ఇది సభ్యుని కష్టపెట్టుట కాదు. పోని బ్యాటరీకై వడ్డీ కట్టకుండ కాపాడుట.

ఇది పరపతి సంఘపు పనియా యని ప్రశ్నింపవచ్చును. 2023లో కేంద్ర సహకార మంత్రిత్వ శాఖ వెలువరించిన మాదిరి ఉపనిబంధనలు ప్రాథమిక సంఘములు అప్పులతోపాటు ఇరువదియైదునకు పైగా వ్యాపకములు చేపట్టుటకు దారి తెరచినవి. యంత్రముల సేవ వానికి వెలియైనది కాదు.

ఇంకొకమాట యజమానులతో. డ్రైవరు దీపము చూచి బండి నిలిపి వేలమునకు ఆలస్యమైనచో అతనిని కసరి, కూలి కోయువారు మనలో గలరు. అందువలననే వారు దీపమును దాచుదురు, లేదా చూచియు చూడనట్లుందురు. మా అల్లుడు ఆ రాత్రి ‘ఏం కాదులే’ అనుటకు నా ముక్కోపముకూడ కొంత కారణమని నేనొప్పుకొనుచున్నాను. దీపము చూచి నిలిపిన డ్రైవరు కూలి కోయరాదని సంఘము తీర్మానింపవలెను.

ఈ మూడు సంగతులను, అనగా కొలత పరికరములు, బండ్ల పుస్తకము, డ్రైవర్ల కూలి, తీర్మానరూపమున రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రవేశపెట్టుటకు కార్యదర్శిగారికి నోటీసు ఇచ్చియున్నాను. బండ్లు గల సభ్యులు ఆ దినమున బస్సులో గాక తమ బండ్లతోనే రావలసినదిగా కోరుచున్నాను. మీటరు నేను తెచ్చెదను.